డిప్రెషన్ టాబ్లెట్ యూరిన్ టెస్టులో బయటపడుతుందా?

మొన్న ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, వచ్చే వారం కొత్త జాబ్‌కి మెడికల్ టెస్ట్ ఉంది. నేను సెర్ట్రలిన్ వాడుతున్నా. యూరిన్ టెస్టులో తెలిసిపోతుందా? రెండు రోజులు మానేయనా?" అని. ఈ భయం చాలామందికి ఉంటుంది, బయటికి అడగరంతే. అందుకే ఈరోజు ల్యాబులో అసలు ఏం జరుగుతుందో చూద్దాం.

ముందు ఒక మాట. డ్రగ్ టెస్ట్ అంటే ఒంట్లో ఉన్న మందులన్నీ చెప్పేసేది కాదు. దేనికోసం వెతికితే అదే కనిపిస్తుంది. ఉద్యోగాల టెస్టుల్లో మామూలుగా గంజాయి, కొకైన్, యాంఫెటమిన్, ఓపియాయిడ్స్ లాంటివి చూస్తారు. సెర్ట్రలిన్ కోసం వెతకరు.

మరి సమస్య ఎక్కడ? మొదట చేసే టెస్ట్ పేరు ఇమ్యునోఅస్సే. ఇందులో యాంటీబాడీలు ఉంటాయి. తమకు కావలసిన మందు తగిలితే పట్టుకుంటాయి. ఖర్చు తక్కువ, రిజల్ట్ త్వరగా వస్తుంది. కానీ ఒక్కోసారి ఒక మందుని చూసి ఇంకోటి అనుకుంటాయి. సెర్ట్రలిన్ వాడేవాళ్లకి బెంజోడయాజెపైన్, అంటే అల్ప్రాజోలం లాంటి మందుల గ్రూపు, పాజిటివ్ అని తప్పుగా రావొచ్చు. బ్యుప్రోపియాన్ వాడితే యాంఫెటమిన్ అని రావొచ్చు. ఇంకో సంగతి వినండి. సెర్ట్రలిన్ ఆపేశాక కూడా కొన్ని రోజులపాటు ఇలా రావొచ్చని అమెరికాలో ఆ మందు లేబుల్‌లోనే రాశారు. అంటే రెండు రోజులు మానేసినా లాభం లేదు!

ఇలా పొరపాటు జరగొచ్చు కాబట్టే రెండో టెస్ట్ ఉంది. దాంట్లో ఒకటి ఎల్‌సీ-ఎంఎస్-ఎంఎస్. ముందు శాంపిల్‌ని శుభ్రం చేసి, సన్నటి కాలమ్ గుండా పంపిస్తారు. ఒక్కో మందు ఒక్కో టైముకి బయటికొస్తుంది. తర్వాత మెషిన్ దాని అణువు బరువు చూస్తుంది, ముక్కలు చేసి ఆ ముక్కల బరువూ చూస్తుంది. సెర్ట్రలిన్ అయితే 306 దగ్గర కనిపిస్తుంది, విరిగితే 275, 159 ముక్కలు వస్తాయి. టైమూ, బరువులూ అన్నీ కలిస్తేనే పేరు రాస్తారు. మిల్లీలీటరు రక్తంలో కొన్ని నానోగ్రాములున్నా లెక్క చెప్తుంది. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లవ వంతు. నిజంగా బెంజోడయాజెపైన్ ఉందా లేదా అనేది ఇలాంటి టెస్టులో తేలిపోతుంది.

ఇదే మెషిన్ పేషెంట్లకీ పనికొస్తుంది. అమిట్రిప్టిలిన్ ఒంట్లోకి వెళ్లాక కొంత నార్ట్రిప్టిలిన్‌గా మారుతుంది. రక్తంలో రెండూ కొలిచి, డోసు సరిపోతోందా, ఎక్కువైందా అని డాక్టర్ చూసుకుంటారు.

సో తమ్ముడూ, టాబ్లెట్ మానొద్దు. ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, వికారం, చిరాకు రావొచ్చు. డాక్టర్ రాసిచ్చిన చీటీ దగ్గర పెట్టుకో. పాజిటివ్ అని వస్తే కంగారు పడకు, "కన్ఫర్మేషన్ టెస్ట్ చేయించండి" అని అడుగు. మొదటి టెస్ట్ ఇచ్చేది అనుమానం మాత్రమే, తీర్పు కాదు.

ఇలాంటి భయంతో టాబ్లెట్ పక్కన పెట్టేసిన ఫ్రెండ్ ఎవరైనా ఉంటే, వాళ్లకి ఈ వీడియో పంపండి. మళ్లీ కలుద్దాం.