వీరునకు తోడైన శునకము



మా ఇబ్రహీంపట్నము పెద్దచెరువు కట్టపై సాయంకాలమున నాతో నడచు పూర్వశిష్యుడొకడు కలడు. అతడు సైన్యమున చేరి, సరిహద్దున మందుపాతర ప్రేలుటచే కుడికాలు పోగొట్టుకొనినాడు. కృత్రిమపాదముతో, చేతికఱ్ఱ ఊతతో నడచును. ఒకనాడు ఆ కఱ్ఱ జారి పడెను. నేను వంగి అందిచ్చితిని. అతడు తల వంచుకొని, "పంతులుగారూ! కాలు పోయినందుకు నాకు చింత లేదు. కఱ్ఱ పడినప్పుడెల్ల ఒకరి ముఖము చూడవలసివచ్చుటయే భారము" అనెను. ఆ మాటయే నా నేటి ప్రసంగమునకు మూలము.

పోలీసు జాగిలములను మీరెఱుగుదురు. మన రంగారెడ్డి జిల్లాలోని మొయినాబాదునందే వానికి శిక్షణ నిచ్చు విద్యాలయము కలదు. మీరటు సైనికకేంద్రమున విద్య నేర్చిన శునకములు మందుపాతరలను వాసనచే పసిగట్టి జవానుల ప్రాణములు కాపాడుచున్నవి. యుద్ధభూమిని కాపాడు ఈ ప్రాణియే, గాయపడి ఇల్లుచేరిన సైనికునకును తోడు కాగలదని లోకము గ్రహించి నూఱేండ్లు దాటినది.

మొదటి ప్రపంచయుద్ధమున జర్మనీ సైనికులనేకులు చూపు కోల్పోయిరి. స్టాలింగు అను వైద్యుడు ఒక అంధునితో ఆసుపత్రి తోటలో నడచుచు, పనిమీద పోవలసివచ్చి, తన కుక్కను అతనియొద్ద విడిచెననియు, తిరిగివచ్చునప్పటికి అది అతనిని జాగ్రత్తగా కనిపెట్టుకొనియుండెననియు చెప్పుదురు. 1916లో ఓల్డెన్‌బర్గు నగరమున అంధసైనికులకు దారిచూపు శునకముల పాఠశాల వెలసెను. ఆ విద్య 1929లో అమెరికాలోను, 1931లో ఇంగ్లండులోను పాదుకొనెను. పిమ్మట కాలుసేతులు కోల్పోయినవారికిని అట్టి తోడు ఏర్పడెను.

శిక్షణ యెట్లందురా? లాబ్రడార్ వంటి శాంతస్వభావముగల జాతి పిల్లను తొలి యేడాది ఒక కుటుంబము పెంచి, సంతలకును, బండ్ల రొదకును, జనసమ్మర్దమునకును అలవాటు చేయును. తరువాత గురువు కొన్ని నెలలు పాఠములు చెప్పును. పడిన వస్తువు నందిచ్చుట, తలుపునకు కట్టిన త్రాడు లాగి తెఱచుట, దీపపు మీట నొక్కుట, ఇవి పాఠములు. బెత్తము లేదు, మెచ్చుకోలు, చిన్న తినుబండారము, ఇంతియే బహుమానము. నలువదియేండ్లు బడిలో బెత్తము పట్టిన నాకు ఇది వినినప్పుడు కొంత సిగ్గు కలిగినది. తుదకు సైనికుడును శునకమును కొన్ని వారములు కూడి నేర్చుకొందురు.

దారిచూపు శునకమునకు మఱియొక గొప్ప పాఠము కలదు. యజమాని ముందుకు పొమ్మనినను, ఎదుట గొయ్యి యున్నచో అది కదలదు. ఆజ్ఞను ఎప్పుడు పాటింపవలెనో, ఎప్పుడు మీఱవలెనో ఎఱిగిన సేవకుడు రాజులకును దుర్లభుడు.

కంటికి కానరాని గాయములును కలవు. యుద్ధపు పీడకలతో అర్ధరాత్రి ఉలికిపడు సైనికుని, శునకము తాకి మేల్కొల్పును. ఇట్టి మనోవ్యథ గలవారిచేతనే శునకములకు శిక్షణ నిప్పించు ప్రయోగపథకమునకై అమెరికా 2021లో చట్టము చేసెను. ఒక ప్రాణికి ధైర్యము నేర్పుచు తామును ధైర్యము పొందుదురని దాని భావము.

మన దేశమున ఇట్టి శునకములు మిక్కిలి అరుదు. శిక్షణకు ధనము, కాలము కావలెను. ప్రతి కుక్కయు దీనికి తగదు. కాని ధనముకంటె పెద్ద అడ్డు మన గడపయే యని నా భయము. కుక్క తాకిన స్నానము చేయు ఇంట నేను పెరిగితిని. అయినను, మహాప్రస్థానమున ధర్మరాజు వెంటవచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానొల్లననెను గదా! ఆ కుక్కయే ధర్మదేవత యని భారతము చెప్పుచున్నది. కథ విని చేతులు జోడించు మనము, అట్టి తోడుతో వచ్చిన సైనికుని రచ్చబండయొద్ద, పెండ్లిపందిటిలో వెలుపల నిలుపుదుమా?

గ్రామపెద్దలారా! అట్టి శునకము మీ యూరికి వచ్చిననాడు దానికి త్రోవ ఇండు. పనిలో నున్నప్పుడు దానిని పిలువకుడు, తిండి పెట్టకుడు, పిల్లలను రాళ్లు రువ్వనీయకుడు. దాని చూపు చెదరిన యజమాని పడును.

కుక్క కఱ్ఱ నందిచ్చును గాని జాలిపడదు. మేలు చేసితినని చెప్పుకొనదు. అది వచ్చువఱకు మనము అట్లే అందిచ్చుట నేర్చుకొందము.