పట్టుకున్నది ఎవరు?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కంప్యూటర్ల గురించి ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. సర్వర్లు చూసుకునే పని నాది. ఆ పనిలో తరచూ అడగవలసిన ఒక్క ప్రశ్న చెప్తాను: ఈ ఫైలును ఎవరు పట్టుకున్నారు?

మన విశాఖవాళ్లకు ఇది కొత్త కాదు. 1933లో జలదుర్గ వచ్చిన నాటి నుంచి మన రేవులో ఒకటే పద్ధతి. చివరి మోకు విప్పేదాకా ఓడ కదలదు. యూనిక్స్, లినక్స్ యంత్రాల్లో ఫైలూ అంతే.

డిస్కు నిండిపోయిందనుకోండి. పెద్ద లాగ్ ఫైలొకటి డిలీట్ చేస్తారు. అయినా ఖాళీ పెరగదు. మనం తీసింది పేరు మాత్రమే. ఆ ఫైలును తెరిచి ఉంచిన ప్రోగ్రాము దాన్ని వదిలేదాకా లోపలి సమాచారం డిస్కు మీదే ఉంటుంది. హాజరుపట్టీలో పేరు కొట్టేసినా కుర్రాడు బెంచీ మీదే కూర్చున్నట్టు!

ఎవరు పట్టుకున్నారో చెప్పే కమాండ్ ఎల్‌ఎస్‌ఓఎఫ్. తెరిచి ఉన్న ఫైళ్ల జాబితా అని దాని అర్థం. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో విక్ ఏబెల్ రాశారు. ప్రోగ్రాము పేరు, నంబరు, నడిపిస్తున్న యూజరు అన్నీ చూపిస్తుంది. లినక్స్‌లో అయితే తీసేసిన ఫైలు పక్కన డిలీటెడ్ అని కూడా ఉంటుంది. రూట్ అధికారంతో అడగాలి, లేకపోతే ఇతరుల ప్రోగ్రాముల వివరాలు పూర్తిగా కనబడవు. ఫ్యూజర్ అనే మరో కమాండ్ ఉంది. దానికి 'కె' తగిలిస్తే మాత్రం జాగ్రత్త, పట్టుకున్నవాళ్లందరినీ అక్కడికక్కడే ఆపేస్తుంది.

చాలామంది ఇదంతా చూడకుండా మెషీన్ రీస్టార్ట్ చేస్తారు. ఖాళీ దొరుకుతుంది, నిజమే. కానీ పొరపాటున తీసేసింది జీతాల లెక్కో, ఆసుపత్రి రికార్డో అయితే? దాన్ని తెరిచిన ప్రోగ్రాము ఇంకా నడుస్తుంటే, లినక్స్‌లో ప్రాక్ డైరెక్టరీలో, ఆ ప్రోగ్రాము నంబరు కింద, ఎఫ్‌డి అనే చోట ఆ ఫైలు ఇంకా అందుతుంది. అక్కడి నుంచి కాపీ చేసుకోవచ్చు. రీస్టార్ట్ చేస్తే ఆ దారి మూసుకుపోతుంది. మనకు అడ్డమనిపించిన పట్టే అప్పుడు ఆ ఫైలుకు ప్రాణం.

ఈ వృత్తిలోకి వస్తున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నా మాట ఇదే. స్టీల్ ప్లాంటులో ఉన్నా, పోర్టులో ఉన్నా, పరాయి దేశంలో ఉన్నా, రీస్టార్ట్ చేసేముందు ఒక్క నిమిషం ఆగి ఎవరు పట్టుకున్నారో చూడండి. లాగ్ అయితే ఆ సర్వీసు చేత ఫైలు వదిలించండి. కావలసిన ఫైలైతే ముందు కాపీ తీసుకోండి. ఆ నిమిషం ఎవరో ఒకరి ఏడాది కష్టాన్ని కాపాడవచ్చు.

సెలవు.