శిబిరంలోని బాలుడు - చట్టసభలోని పెద్ద



అమెరికా ప్రతినిధుల సభలో 1975 నుండి 1995 వరకు ఇరవై ఏండ్లు సభ్యులుగా ఉన్న నార్మన్ మినేటా గారిని నేడు స్మరించదలచాము. ఆయన మన మతస్థులు కారు, మన దేశస్థులూ కారు. అయినను ఆయన చరిత్ర మనకు అవసరమైనది.

ఆయన 1931లో కాలిఫోర్నియాలోని శాన్ హోసే నగరంలో, జపాను నుండి వలస వచ్చిన దంపతులకు జన్మించారు. జపానుతో యుద్ధం వచ్చింది. 1942 ఫిబ్రవరిలో అధ్యక్షుడు రూజ్వెల్ట్ సంతకం చేసిన ఒక ఉత్తర్వుతో సుమారు 1,20,000 మంది జపాను సంతతివారు ఇల్లూవాకిలీ విడిచి ముళ్ళకంచెల శిబిరాలకు తరలవలసి వచ్చింది. వారిలో మూడింట రెండు వంతులు అమెరికా పౌరులే. విచారణ లేదు, రుజువు లేదు, పుట్టుకే నేరమయింది. పదేండ్ల మినేటా చేతిలోని బేస్‌బాల్ బ్యాటును సైనికులు ఆయుధమని లాగుకొన్నారు.

ఆ బాలుడే పెరిగి 1971లో శాన్ హోసే మేయరయ్యారు, పిదప ప్రతినిధుల సభకు వెళ్ళారు. ఆ అన్యాయంపై 1980లో విచారణ సంఘం ఏర్పడింది. నలభై ఏండ్లు నోరు విప్పని వృద్ధులతో సహా 750 మందికి పైగా వాఙ్మూలమిచ్చారు. జాతి ద్వేషం, యుద్ధోన్మాదం, నాయకత్వ వైఫల్యమే కారణాలని సంఘం తేల్చింది. మినేటా, ఆయన సహచరులు ఆ నివేదికను ఆధారం చేసుకొని బిల్లు నడిపించారు. 1988 ఆగస్టు 10న అధ్యక్షుడు రీగన్ దానిపై సంతకం చేశారు. ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. బ్రతికివున్న ప్రతి బాధితునికి 20,000 డాలర్లు నిర్ణయించింది.

2001 సెప్టెంబరు 11 దాడుల నాటికి ఆయన రవాణా మంత్రి. ముస్లిములను, అరబ్బులను రూపమో మతమో చూసి వేరుచేయరాదని ఆయన శాఖ విమాన సంస్థలకు లేఖలు వ్రాసింది. వివక్ష అంతటితో ఆగలేదు. అయినను తాను పడిన బాధ మరొక సమాజానికి రాకూడదని అధికారంలో ఉండి పలికినవారు ఆయన.

జీవితమంతా దస్త్రాల మధ్య గడిపిన గుమాస్తాలము మేము. దస్త్రంలో లేనిది ప్రభుత్వం దృష్టిలో జరగనిదేనని ఎరుగుదుము. కనుక మా విన్నపం రెండే మాటలు. మనకు జరిగిన అన్యాయాన్ని తేదీతో, సాక్ష్యంతో వ్రాసి భద్రపరచుదాము. పొరుగువారికి అన్యాయం జరిగిననాడు మన మతం వారా కాదా అని చూడక నోరు విప్పుదాము.