గడ్డిని వేపితే బొగ్గవుతుందా?



మన విశాఖ ఉక్కు కర్మాగారానికి ఓడల మీద బొగ్గు వస్తుంది. ఆ బొగ్గును ముందు గాలి చొరని పొయ్యిల్లో కాలుస్తారు. గాలి లేకపోతే మంట రాదు. బొగ్గులోని తారు, వాయువులు విడిపోయి గట్టి కోక్ మిగులుతుంది. ఇనుప రాయిని కరిగించేది ఆ కోక్‌తోనే.

దాదాపు ఇలాంటి పనే గడ్డికీ చేయొచ్చు. వరిగడ్డి, చెరకు ఆకు, మొక్కజొన్న కండెలు, కంది కట్టె ఆరబెట్టి మూసిన యంత్రంలో వేస్తారు. గాలి చాలా తక్కువగా ఉంచి వేపుతారు. కోక్‌కు 1000 డిగ్రీల వేడి కావాలి. దీనికి 200 నుంచి 300 డిగ్రీలు చాలు. దీన్ని టారిఫాక్షన్ అంటారు. పేరు కొత్తది గాని పని మనకు తెలిసిందే. వేరుశెనగ గింజలు వేపుతాం గదా! తడి పోతుంది, రంగు మారుతుంది, నొక్కితే పటుక్కున విరుగుతుంది. గడ్డీ అంతే. కాని ఇంట్లో చేసి చూడకండి. లోపల పుట్టే వాయువు అంటుకుంటుంది.

వేపడం ఎందుకు? వేపని గడ్డి వానకు నాని కుళ్లుతుంది. మరలో పీచులా చుట్టుకుంటుంది. వేపింది నీళ్లు అంతగా పీల్చదు. బొగ్గులా పొడి అవుతుంది. 100 కిలోలు వేపితే సుమారు 70 కిలోలు మిగులుతుంది. కాని మండే సత్తువ నూటికి 90 పాళ్లు అందులోనే ఉంటుంది.

పరవాడ దగ్గర సింహాద్రి విద్యుత్ కేంద్రం బొగ్గుతో నడుస్తుంది. ఇలాంటి కేంద్రాలు బొగ్గులో నూటికి 5 పాళ్లు పంట వ్యర్థాల గుళికలు కలపాలని 2021లో కేంద్ర ప్రభుత్వం చెప్పింది. తవ్విన బొగ్గు మళ్లీ రాదు. గడ్డి ఏటా మొలుస్తుంది. చేలో తగలబెడితే పొగ మన ఊపిరికి, నష్టం మన నేలకు.

మరి గడ్డంతా అమ్మేద్దామా? ఆగండి. ముందు పశువుకు మేత. తర్వాత మన పొయ్యికి కట్టె, నేలకు ఎరువు. మిగిలితేనే అమ్మకం.

కోసేది మనం, మోపు కట్టేది మనం, మోసేది మనం. బేరం మాత్రం ఇంకొకరిదా? కాటా దగ్గర మీరే నిలబడండి. చీటీలో బరువు చదవండి. ధర అడగండి. మాటవరసకు బరువు 350 కిలోలు, కిలో 2 రూపాయలు అనుకోండి. ఎంత రావాలి? పలక తీసి లెక్క వేయండి. లెక్క సరిపోతేనే సంతకం!