పిల్లల చదువు - కృత్రిమ మేధ

ఈవేళ పిల్లల చదువుకు సంబంధించిన ఒక కొత్త సంగతి ముచ్చటించుకుందాం. కొత్తది అంటున్నానే గాని, మీ ఇళ్ళల్లోకి అది ఎప్పుడో వచ్చేసే ఉంటుంది. పత్రికలవాళ్ళు 'కృత్రిమ మేధ' అని రాస్తున్నారు. పిల్లలు 'ఏఐ' అంటున్నారు. వేసవి సెలవులు అయిపోవచ్చేసరికి బడులవాళ్ళు పంచే కరపత్రాల్లో "మా బడిలో ఏఐతో బోధన" అని పెద్ద పెద్ద అక్షరాలు కనిపిస్తున్నాయి. ఆ అక్షరాల ఖరీదు ఫీజులో కలుస్తుంది కాబోలు. ఫీజు కట్టేది మనం. రాత్రి పూట పిల్లవాడి పక్కన కూర్చునేదీ మనమే. అందుచేత అదేమిటో, దానివల్ల పిల్లలకు ఒరిగేదేమిటో మనం తెలుసుకోవాలి. ఇదంతా ఇంజనీర్ల గొడవ, మనకెక్కడ అర్థమవుతుందని భయపడకండి. నేను పదో తరగతితో చదువు ఆపినదాన్ని. నాకు బోధపడింది మీకు బోధపడకపోదు.

2022 నవంబరు 30న అమెరికాలోని ఓపెన్ ఏఐ అనే సంస్థ చాట్ జీపీటీని జనం ముందుకు తెచ్చింది. దాని వెనకాలే అలాంటివి మరికొన్ని వచ్చాయి. ప్రశ్న టైపు చేసినా, నోటితో అడిగినా క్షణంలో జవాబు రాసి పెడతాయి. ఎలా రాస్తాయంటారా? కోట్లకొద్దీ పేజీల రాతను ముందుగా వాటికి మేపారు. ఏ మాట తరువాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో ఆ రాతలోంచి అవి పట్టుకున్నాయి. 'పసుపు' అనగానే మన నోట 'కుంకుమ' వస్తుంది చూడండి, ఆ పద్ధతే. కాకపోతే మన ఊహకు అందనంత పెద్ద ఎత్తున జరుగుతుంది. అంటే అది నిజమేదో విచారించి చెప్పడం లేదు, అతికే మాట చెబుతోంది. చాలాసార్లు అతికే మాటే నిజమూ అవుతుంది. కానప్పుడు కూడా దాని ధీమాలో మాత్రం రవ్వంత తేడా ఉండదు.

పైగా దానికి ఇంగ్లీషు రాత దొరికినంత దండిగా తెలుగు రాత దొరకలేదు. ఆ లోటు తెలుగు పాఠం దగ్గర బయటపడుతుంది. ఒకసారి పనిగట్టుకుని, స్నేహం మీద వేమన పద్యం ఒకటి చెప్పమని అడిగాను. మకుటంతో సహా నాలుగు పాదాలూ గడగడా చెప్పింది. అది నేనెన్నడూ వినని పద్యం. ఆటవెలది లక్షణం వేసి చూస్తే గణాలు కుదరలేదు. "ఇది నిజంగా వేమన చెప్పినదేనా?" అని అడిగితే, వినయంగా క్షమాపణ చెప్పుకుని, వెంటనే ఇంకొకటి అల్లి ఇచ్చింది! ఏ పిల్లో దాన్ని నోటుపుస్తకంలో ఎక్కించుకుపోయిందనుకోండి, పాపం ఆ పద్యం కూడా వేమన ఖాతాలోనే పడుతుంది.

మరి దీన్ని బడి గుమ్మం తొక్కనివ్వకుండా ఉంటే సరిపోదా అంటారేమో. న్యూయార్క్ నగరంలోని ప్రభుత్వ పాఠశాలల్లో 2023 జనవరిలో ఆ పనే చేశారు. ఆ మే నెలలోనే నిషేధం ఎత్తేశారు. బడిలో తలుపు మూసినా ఇంట్లో ఫోను ఉండనే ఉంది కదా.

ఇందులో మంచి ఎక్కడుందో చెప్పాలంటే మా ఆడపడుచు సంగతి చెప్పాలి. ఆమె ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కల టీచరు. ఏడో తరగతిలో యాభై మందికి పైగా పిల్లలు. "వదినా, పుస్తకం భిన్నాల దగ్గరుంది. సగం మంది పిల్లలు తీసివేతల దగ్గరే ఉన్నారు. నేను పుస్తకానికి చెప్పనా, పిల్లలకు చెప్పనా?" అంటుంది. ఇది ఆ ఒక్క బడి బాధ కాదు. 2015లో ఢిల్లీలో కొందరు ఆర్థిక శాస్త్రవేత్తలు ప్రభుత్వ బడుల పిల్లలను పరీక్షించి చూశారు. ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి ఆ దూరం నాలుగున్నర తరగతులైంది. అంటే తొమ్మిదిలో కూర్చున్న పిల్లవాడికి అయిదో తరగతి లెక్కలే పూర్తిగా రావన్నమాట. బాగా వెనకబడిన పిల్లలైతే ఆ ఏడు బడికి పోయీ లెక్కల్లో ముందుకు కదిలిందే లేదు.

ఆ పిల్లల్లో కొందరిని చీట్లు తీసి ఎంపిక చేసి, బడి వదిలాక ఒక కేంద్రానికి పిలిచారు. అక్కడ కంప్యూటరు ప్రతి పిల్లవాడికీ వాడు ఆగిన మెట్టు దగ్గరనుంచి లెక్కలు ఇస్తుంది. ఇప్పటి చాట్ జీపీటీలాంటిది కాదు అది, పిల్లవాడి తప్పులను బట్టి పాఠం మార్చే యంత్రం. నాలుగున్నర నెలల్లో ఆ పిల్లలు మిగతావారిని లెక్కల్లోనూ హిందీలోనూ కూడా స్పష్టంగా దాటిపోయారు. అయితే ఒక సంగతి గమనించాలి. రోజూ గంటన్నర కార్యక్రమంలో యంత్రం ముందు కూర్చునేది సగం సమయమే. తక్కిన సగం పదిహేను మందికి మించని గుంపును ఒక మనిషి కూర్చోబెట్టుకుని చెప్పేవారు. కరపత్రాల్లో యంత్రం బొమ్మ వేస్తారు గాని, ఈ రెండో సగం బొమ్మ వెయ్యరు.

మా ఆడపడుచు బడిలో పిల్లలకు కంప్యూటర్లు లేవు. ఆమె తన ఫోనులోనే ఆదివారం సాయంత్రం ఒకే పాఠం మీద మూడు రకాల లెక్కలు తయారు చేయించుకుంటుంది. వెనకబడ్డవాళ్ళకు ఒకటి, మధ్యవాళ్ళకు ఒకటి, చురుకైనవాళ్ళకు ఒకటి. పూర్వం ఈ పనికి రెండు రాత్రులు పట్టేది, ఇప్పుడు గంటలో అయిపోతోంది. "అది భిన్నాలనగానే పిజ్జా కోస్తుంది వదినా! మా పిల్లల్లో పిజ్జా తిన్నవాళ్ళెంతమంది? జామకాయ కొయ్యమంటాను" అని నవ్వుతుంది. వచ్చిన ప్రతి లెక్కా తను ఒకసారి చేసి చూసుకున్నాకే నల్లబల్ల మీద వేస్తుంది. జవాబుల్లో తప్పులు దొరుకుతూనే ఉంటాయట. చూడండి, లెక్క వచ్చిన మనిషి చేతిలో ఉంది కనుక ఆ తప్పు దొరికింది. మిగిలిన సమయం ఏం చేస్తోందంటే, వెనక బెంచీల దగ్గరకు వెళ్ళి కూర్చుంటోంది.

ఇహ అదే ఫోను పిల్లల చేతికి వచ్చేసరికి వ్యవహారం తిరగబడుతుంది. మనం చదువుకునే రోజుల్లో గైడులుండేవి. చూసి రాస్తే అందరివీ ఒకే జవాబులు వచ్చి, టీచరుగారికి దొరికిపోయేవాళ్ళం. ఇది ఎవరి కొలతకు వారికి జవాబు కుట్టి ఇచ్చే గైడు. దొరకరు. దొరకకపోతే మార్కులు వస్తాయి గాని, చదువో?

దీనికి లెక్కలతో సహా రుజువుంది. 2023లో టర్కీ దేశంలోని ఒక ఉన్నత పాఠశాలలో దాదాపు వెయ్యి మంది విద్యార్థులతో అమెరికా పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. లెక్కలు అభ్యాసం చేసేటప్పుడు కొందరికి పుస్తకాలూ నోట్సులూ మాత్రమే ఇచ్చారు. కొందరికి అడిగిందల్లా చెప్పే చాట్ జీపీటీ వంటిది ఇచ్చారు. మూడో గుంపుకు, జవాబు చెప్పకుండా టీచర్లు చెప్పిపెట్టిన ప్రకారం సూచనలు మాత్రమే అందించేది ఇచ్చారు. అభ్యాసంలో రెండో గుంపు పుస్తకాలవాళ్ళకంటే 48 శాతం, మూడో గుంపు 127 శాతం బాగా చేశాయి. ఆహా అనిపిస్తుంది. ఆ తరువాత యంత్రాలు, పుస్తకాలు అన్నీ తీసేసి పరీక్ష పెట్టారు. అడిగిందల్లా చెప్పించుకున్న గుంపు, అసలు యంత్రమే చూడని పిల్లలకంటే 17 శాతం తక్కువ తెచ్చుకుంది! సూచనలు తీసుకున్న గుంపు నష్టపోలేదు, అలాగని పెద్దగా లాభపడనూ లేదు. ఇంకా చిత్రమేమిటంటే, నష్టపోయిన పిల్లలకు తాము నష్టపోయినట్టే తెలియలేదు. మనకు మాత్రం ఎలా తెలుస్తుంది, హోంవర్కు అంత ముచ్చటగా కనిపిస్తూంటే?

తెలుసుకునే ఉపాయం మన చేతిలోనే ఉంది. మీరు కూర తరుగుతున్నప్పుడు పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, పుస్తకం మూసేసి ఆ పాఠం నాకు చెప్పమ్మా అనండి. మీకు ఆ పాఠం రానవసరం లేదు. రాకపోతేనే మంచిది, "అదెందుకలా?" అని నిజంగా అడుగుతారు. తను చేసిన పిల్ల తడుముకునైనా చెబుతుంది. ఎత్తి రాసిన పిల్ల రెండో 'ఎందుకు' దగ్గర ఆగిపోతుంది. తిట్టకండి. ముందు తను కాగితం మీద ప్రయత్నించి, చిక్కుకున్న చోటే అడగాలని ఇంట్లో ఒక కట్టడి పెట్టండి. అడిగేటప్పుడు కూడా, "జవాబు చెప్పకు, నేను ఎక్కడ తప్పానో తెలిసేలా ఒక్కొక్క ప్రశ్న అడుగు" అని దానికి చెప్పమనండి. చెప్పినట్టే చేస్తుంది. అయితే మధ్యలో పిల్లలు బతిమాలితే అది మెత్తబడి జవాబు చెప్పేస్తుందని మరిచిపోకండి.

ఆ ప్రయత్నించిన చిత్తుకాగితాలు పారెయ్యవద్దు. ఎందుకో చెబుతాను. మా వీధిలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒక ఇంగ్లీషు వ్యాసం సొంతంగా రాసుకుంది. తల్లి పక్కనే ఉంది. బడిలో ఆ వ్యాసాన్ని, యంత్రం రాతను కనిపెడుతుందనే ఇంకో యంత్రానికి చూపించారు. ఇది మనిషి రాసింది కాదని అది తేల్చింది. నలుగురిలో మాట పడిన ఆ పిల్ల మూడు రోజులు బడికి వెళ్ళనని మొండికేసింది. నిజానికి ఈ కనిపెట్టే యంత్రాలను నమ్మి పిల్లలను నిందించడం అన్యాయం. ఓపెన్ ఏఐ సంస్థ తాను తయారు చేసిన అలాంటి యంత్రాన్నే, సరిగా పట్టలేకపోతోందని 2023 జూలైలో ఉపసంహరించుకుంది. అదే సంవత్సరం స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, ఇంగ్లీషు మాతృభాష కానివారు రాసిన 91 వ్యాసాలను ఏడు రకాల యంత్రాలకు చూపిస్తే, సగటున సగానికి పైగా యంత్రం రాసినవేనని అన్నాయి. నేర్చుకున్న ఇంగ్లీషులో చిన్న మాటలు, తిన్నని వాక్యాలు ఉంటాయి కదా, అదే వాటి కంటికి నేరమైంది. మన పిల్లలందరిదీ నేర్చుకున్న ఇంగ్లీషే. ఆ తల్లి చిత్తుకాగితాలు పట్టుకుని ప్రధానోపాధ్యాయురాలిని కలిసింది. ఎదురుగా కూర్చోబెట్టి మరో విషయం మీద రాయించారు. అమ్మాయి రాసి చూపించింది.

వయసు మాట కూడా చెప్పాలి. బడిలో పిల్లలు వీటిని సొంతంగా వాడడానికి కనీసం 13 ఏళ్ళు ఉండాలని యునెస్కో 2023 సెప్టెంబరులో సూచించింది. మన దేశంలో 2023లో వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ళలోపు పిల్లల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలి. కనుక బడివాళ్ళు ఏదైనా యాప్ వేయించమన్నప్పుడు ఆ సమ్మతి పత్రం చదవకుండా సంతకం చెయ్యకండి. పిల్ల ఫోటో, ఇంటి చిరునామా, జబ్బుల సంగతి ఆ పెట్టెకు చెప్పవలసిన అవసరం ఏ పాఠానికీ ఉండదు.

ఈసారి తల్లిదండ్రుల సమావేశానికి వెళ్ళేటప్పుడు ఒక చీటీ రాసుకెళ్ళండి. "మీ బడిలో ఏఐ వాడేది టీచర్లా, పిల్లలా? పిల్లలైతే అది జవాబు చెప్పేదా, ప్రశ్న అడిగేదా? అది ఇచ్చిన పాఠాన్ని ముందుగా ఎవరు సరిచూస్తున్నారు? తెలుగు పాఠాలకూ అదేనా? పిల్లలు తరగతిలో కూర్చుని చేత్తో రాసేది వారానికి ఎన్నిసార్లు?" అని అడగండి. ఆఖరున ఇంకొకటి కూడా అడగండి: యంత్రం వచ్చాక టీచరుగారికి మిగిలిన సమయం మా పిల్లల దగ్గర గడుస్తోందా, లేక ఆ తరగతికి ఇంకో ఇరవై మందిని చేర్చారా?