మార్కాపురమున కాలినడక



యాత్ర యనగానే మనవారికి కాశి, రామేశ్వరము, తిరుపతి జ్ఞప్తికి వచ్చును. ఇంటికి పది క్రోసుల దూరమున నున్న పట్టణమును చూడబోవుట యాత్రయని ఎవ్వరును తలంపరు. సంతకో, వ్యాజ్యమునకో, వైద్యుని కొఱకో పోయి, పని ముగియగనే బండి యెక్కి తిరిగి వత్తురు. నేడు నేను మనవి చేయబోవునది అట్టి పట్టణమైన మార్కాపురమును గూర్చియే. ఒక యుదయమున దానిని కాలినడకను చూచినచో ఏమేమి కనబడునో, ఆ చూపు మన గ్రామముల కెట్లు పనికివచ్చునో విన్నవించెదను.

నల్లమల కొండలకు తూర్పున నున్న యీ సీమ విజయనగర రాజుల యేలుబడిలో నుండెను. 1800 సంవత్సరమున నిజాము దీనిని ఇంగ్లీషు కుంపిణీ వారికి ఒప్పగించెను. తరువాత చిరకాలము కర్నూలు జిల్లాలో నుండి, 1970లో ఒంగోలు ముఖ్యపట్టణముగా క్రొత్త జిల్లా యేర్పడినప్పుడు మార్కాపురము, గిద్దలూరు, కంభము అందు చేరినవి. ఆ జిల్లాకే 1972లో టంగుటూరి ప్రకాశము పంతులుగారి పేరు పెట్టిరి. ఏలికలు మారిరి, జిల్లాలు మారినవి. ఊరినడుమ లక్ష్మీచెన్నకేశవస్వామి ఆలయము మాత్రము తన చోటనే యున్నది.

గుంటూరు నంద్యాలల నడుమ పోవు రైలుమార్గమున మార్కాపురం రోడ్డు స్టేషనులో దిగి ఊరు చేరవచ్చును. ప్రొద్దు పొడుచు వేళకు గుడి ముందఱ నుండవలెను. వెంటనే లోనికి పోక, ముందుగా గుడి చుట్టునున్న వీధులలో ఒక ప్రదక్షిణము చేయుడు. రథము తిరుగు గుడి గల ఊళ్లలో వీధులు రథమునకు దారి యిచ్చునట్లు అమరియుండును. పూలంగడి, పాత్రలంగడి, పాత ఇండ్ల అరుగులు, ఆ అరుగులకు పఱచిన నల్లబండలు, ఇవన్నియు నడచువానికే కనబడును. వృద్ధులు తొందరపడవలసిన పనిలేదు. అరుగులు మన కొఱకే కట్టిరి గదా!

ఆలయములో విజయనగర కాలపు పనితనము గల స్తంభములున్నవి. దేవుని సేవించిన పిమ్మట, శాసనముల కడ కొంతసేపు నిలువుడు. సదాశివరాయల కాలపు శాసనము లీ గుడికి కలవు. ఆయన పదునాఱవ శతాబ్దమున, తుళువ వంశపు కడపటి రాజు. శాసనమనగా నేమి? దానపత్రము. కాగితము చినుగును, తాటాకు చెదలు తినును గనుక పెద్దలు ఱాతిమీద చెక్కించిరి.

శాసనము చదువుట పండితులకే చెల్లునని భయపడవలదు. దానికొక వరుస యున్నది. పైన తఱచుగా సూర్యచంద్రుల బొమ్మలుండును. ఆ వెలుగు లున్నంతకాలము ఈ దానము నిలువవలెనని దాని యర్థము. మొదట శుభవాక్యము, పిదప శకవర్షము, సంవత్సరనామము, మాసము, తిథి, వారము. అటుపిమ్మట రాజు పేరు, దాత పేరు, ఇచ్చినదేమో దాని యెల్లలు. చివర దానమును హరించువానికి శాపము. శకవర్షమునకు 78 కలిపినచో ఇంచుమించుగా క్రీస్తుశకము వచ్చును. ఉదయపు టెండ ఏటవాలుగా పడునప్పుడు అక్షరముల గాళ్లు నీడతో తేటపడును. మధ్యాహ్నమున అదే ఱాయి మూగదగును. ప్రొద్దుననే పొమ్మని చెప్పుటకు కారణమిదియే.

గుడినుండి వెడలి పలకల కార్ఖానాల వైపు నడువుడు. మార్కాపురపు పలక పేరు వినని బడి మన తెలుగునాట లేదు. ఈ నేలక్రింది పొరఱాయి నూఱుకోట్ల యేండ్లకు పైబడినదని భూశాస్త్రజ్ఞులు చెప్పుదురు. పూర్వపు టొండుమట్టి లోతున అణగి, వేడిమికిని ఒత్తిడికిని లోనై, ఆకుల దొంతివలె పొరలు దేఱినది. గనినుండి తీసిన బండను తడి యాఱకమునుపే ఉలితో చీల్చుదురు. చీల్చిన రేకును కొలతకు కోసి, అరగదీసి నునుపుచేసి, కఱ్ఱ చట్రములో బిగింతురు. అంతట అది పిల్లవాని పలక యగును. కాగితపు పుస్తకములును, వేఱు వస్తువులతో చేసిన పలకలును వచ్చిన పిదప దీనికి గిరాకి తగ్గినది. ఇప్పుడీ ఱాయి ఇండ్ల నేలకును గోడలకును పఱచు బండగా దూరదేశములకు పోవుచున్నది.

నేను ముప్పదియేండ్లకు పైగా బడిలో అక్షరములు దిద్దించినవాడను. పలకను చూచినప్పుడెల్ల నాకొక మాట మనసున మెదలును. ఈ పనిలో చిరకాలము పసిబిడ్డలును పాటుపడిరి. ఒకరి బిడ్డ అక్షరము దిద్దుటకై మఱియొకరి బిడ్డ అక్షరమునకు దూరమయ్యెను. ఱాతిపొడి ఊపిరితిత్తులలో చేరి కూలివాండ్ర ఆయువును హరించుట వేఱొక బాధ. ఆఱు మొదలు పదునాలుగేండ్ల వఱకు గల బిడ్డలకు ఉచితవిద్య హక్కుగా 2009లో చట్టమైనది. చట్టమును అమలు జరుపవలసినవారిలో గ్రామపెద్దలును ఒకరు. బడి వేళ పనిలోనున్న బిడ్డ కనబడినచో, ఎవరి బిడ్డయని అడుగుట మన ధర్మము.

తీఱిక గలవారు మఱునాడు కంభము పోయి చెఱువుకట్టపై నడువవలెను. కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డముగా కట్టిన విజయనగర కాలపు తటాకమది. గజపతుల యాడుపడుచు వరదరాజమ్మ కట్టించెనని ప్రతీతి. 2020లో దానికి ప్రపంచ వారసత్వ జలసేద్య కట్టడమను గౌరవము లభించినది. లోకము గుర్తించినదానిని కంభమునకు ప్రక్క ఊరివారే తీఱికగా చూచియుండరు!

ఇక నా అసలు మనవి. కొన్నియేండ్ల క్రిందట ఈ పడమటి ప్రాంతపు గ్రామ మొకదానిలో బావి ప్రక్క బట్టలుతుకు బండ నొకదానిని నాకు చూపిరి. నీళ్లు చల్లి తుడువగా పైన సూర్యచంద్రులు, క్రింద అక్షరములు! శకవర్షపు అంకెలలో రెండే మిగిలినవి. దాత పేరు పూర్తిగా అరిగిపోయినది. ఇచ్చిన చేని పేరు మాత్రము నిలిచియున్నది. ఆ చేనిని ఆ ఊరివారు నేటికిని ఆ పేరుతోనే పిలుచుచున్నారు. ఆ మాట వినగానే పెద్దలందఱు మౌనము వహించిరి. ఆ దినముననే నలుగురు కూడి బండను గుడి మండపమునకు చేర్చిరి. ఇంకొక తరము బట్ట లుతికియున్నచో ఆ చేని పేరు కూడ ఱాతిమీద దక్కెడిది కాదు.

కావున గ్రామమునకు మరలిన పిదప మార్కాపురమున నేర్చిన చూపుతోనే మీ ఊరిని నడచి చూడుడు. గుడిగోడ, చెఱువుతూము, పొలిమేరఱాయి, బావిగట్టు వెదకుడు. అక్షరమున్న ఱాతికి సున్నము పూయకుడు, రంగు వేయకుడు, ఉలి తాకింపకుడు, ఇసుకయంత్రముతో కడిగింపకుడు. మీ మనుమని చేతిలోని ఫోనుతో ఉదయపు టెండలో ఛాయాచిత్రము తీయించి, పురావస్తుశాఖవారికి తెలియజేయుడు. వారు తడికాగితము పఱచి, కుంచెతో అద్ది, సిరాతో అచ్చు తీసికొందురు. ఱాతికి హాని కలుగదు.

దానమిచ్చినవాడు సూర్యచంద్రులను సాక్షులుగా పెట్టుకొనెను. వారు తమ పని తాము చేయుచునే యున్నారు. ఱాతిని కాచు పని మనది.