మాంసకృత్తుల అక్షరక్రమము



పప్పులలోను పాలలోను ఉండు మాంసకృత్తులు ఇరువది విధములైన అమైనో ఆమ్లములు పూసలవలె గ్రుచ్చుకొని ఏర్పడిన దండలు. పొట్టి దండను పెప్టైడు అందురు. దండలో ఏ పూసలు ఎన్ని యున్నవో తెలియుట ఒక పని. ఏ వరుసలో నున్నవో తెలియుట వేరొక పని. అవే అక్షరములతో ‘సరము’ అగును, ‘రసము’ అగును.

మొదటి పనికి, మాంసకృత్తును హైడ్రోక్లోరిక్ ఆమ్లములో ఒక పగలు, ఒక రాత్రి కాతురు. దండ తెగి పూసలు విడివడును. ట్రిప్టోఫాన్ అను పూస మాత్రము ఆ కాపునకు నశించును. దానిని వేరుగా వెదకవలెను. ఆ ద్రవమును కాగితముపై పాకించినచో ఒక్కొక్క పూస ఒక్కొక్క దూరము పోవును. నిన్‌హైడ్రిన్ చల్లి వేడిచేయగా రంగు చుక్కలు తేలును. చుక్క నిలిచిన చోటును బట్టి పూస పేరు తెలియును.

వరుస అంత సులభముగా చిక్కదు. 1950లో ఎడ్మన్ అను శాస్త్రజ్ఞుడు దండ మొదటి పూసను మాత్రమే ఊడదీసి గుర్తించి, పిదప రెండవదానిని, ఆ పిదప మూడవదానిని ఊడదీయు మార్గము చూపెను. కాని పోనుపోను లెక్క మసకబారును. అందుచేత పొడుగు దండను ముందుగా ముక్కలు చేయుదురు. ట్రిప్సిన్ అను జీర్ణరసము లైసిన్, ఆర్జినిన్‌ల వెనుకనే కోయును. కైమోట్రిప్సిన్ కోయు చోట్లు వేరు. రెండు కోతలెందుకందురా? ‘పాల’, ‘మూరు’ అను రెండు ముక్కలు దొరికినచో ఏది ముందో తెలియదు. మరొక కోతలో ‘లమూ’ దొరికెనా, అది ‘పాలమూరు’ అని తేలిపోవును. దారము తెగిన తాటాకు పుస్తకమును సరిచేయువారికి ఈ యుక్తి క్రొత్త కాదు. సాంగర్ పండితుడు ఇట్టి ముక్కలనే జతపరచి 1955 నాటికి ఇన్సులిన్‌లోని 51 పూసల క్రమము తేల్చెను. 1958లో నోబెల్ బహుమానమందెను.

మన హైదరాబాదు ముచ్చట నాకు ఇంకను ప్రియమైనది. 1979లో ఇ.ఎస్.పి. రెడ్డి, పుష్పమిత్ర భార్గవ గారలు ఆబోతు వీర్యద్రవమున సూక్ష్మజీవుల పెరుగుదలను అడ్డు మాంసకృత్తును వర్ణించిరి. పేరు సెమినల్‌ప్లాస్మిన్. (పశువులను పెంచు మనము ఈ మాటకు సిగ్గుపడ నక్కరలేదు.) అమెరికాలో లార్డీ బృందము అదే ద్రవమున, వీర్యకణములలోనికి కాల్షియము చొరకుండ ఆపు మరొకదానిని గుర్తించెను, దానికి కాల్ట్రిన్ అని పేరు. పనులు వేరు, పేర్లు వేరు. అచ్చయిన వరుసలు మాత్రము దాదాపు ఒకటే. కొద్ది చోట్ల భేదము. అవి రెండు గ్రంథములా, ఒక గ్రంథమునకు పాఠభేదములా? సీతారాం, భార్గవ ప్రభృతులు హైదరాబాదులో మరల పరిశీలించి, 1986లో రెండును ఒకటే యని ప్రకటించిరి. 47 పూసల ఒకే దండ, ఇరువురికి రెండు పనులలో కనబడినది.